కాలువ అవతలి ఫోను

సాలమ్మకు దొరికిన సెలవు ముప్పై రోజులు. మస్కట్ నుంచి బొంబాయికి విమానం, బొంబాయి నుంచి సికింద్రాబాదుకు రైలు, అక్కడి నుంచి హాలియాకు బస్సు. ఇల్లు చేరేసరికే అందులో రెండు రోజులు కరిగిపోయాయి. అది 1996, సెప్టెంబరు నెల. మూడో రోజు పొద్దున పెట్టెలో సామాను కూడా సర్దకుండా చెప్పులేసుకుని టెలిఫోన్ ఆఫీసుకు బయలుదేరింది.

"జర చాయన్న తాగిపో," అంది ఆడబిడ్డ బిక్షమ్మ.

"వచ్చినంక తాగుత వదినె. పది దాటితే సారు దొరకడంట."

తొమ్మిదేళ్ల కూతురు ఎస్తేరు బిక్షమ్మ కొంగు పట్టుకుని గడపలో నిలబడి చూస్తోంది. వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల తల్లితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పిలిస్తే తల వంచుకుంటుంది, దగ్గరికి తీసుకుంటే కట్టెలా బిగుసుకుపోతుంది. తెచ్చిన గౌను వేసుకోమంటే బిక్షమ్మ వైపు చూసి, ఆమె తలూపాకే వేసుకుంది.

సాలమ్మ ఒక్కచోట కూర్చోలేని మనిషి. పుట్టింది మక్తల్ దగ్గరి ఊళ్లో అయినా పెరిగింది గుడారాల్లో. తండ్రి పెద్దులు పాలమూరు కూలీల గుంపుతో సాగర్ కాలువ తవ్వడానికి వచ్చినప్పుడు ఆమె తట్టలో పడుకునే పిల్ల. కాలువ ముందుకు సాగిన కొద్దీ గుడారమూ సాగేది. తర్వాత మహబూబ్‌నగర్ మిషన్ హాస్టల్లో చదువు, నర్సు ట్రైనింగు, హాలియా పక్క పల్లెల్లో కాన్పులు చేస్తూ సైకిలు మీద తిరిగిన ఉద్యోగం. మిషన్ బడిలో పంతులుగా ఉన్న ఇస్రాయేలును పెళ్లి చేసుకుంది. ఎస్తేరుకు ఐదేళ్లు నిండగానే మస్కట్లో ఓ ఆసుపత్రి పిల్లల వార్డులో పని దొరికితే వెళ్లింది. మొదటి ఏడాది జీతంతో హాలియా శివార్లో, కాలువకు అవతల, జాగా కొని రెండు గదుల ఇల్లు వేశారు. నెమ్మదైన చోటని అప్పుడు మురిసిపోయింది.

ఫోను పిచ్చి ఆమెకు ఊరికే పట్టలేదు. అంతకు ముందు ఏడాది ఎస్తేరుకు టైఫాయిడ్ వచ్చింది. పదకొండు రోజులు దవాఖానలో ఉంది. ఆ సంగతి సాలమ్మకు ఉత్తరంలో తెలిసింది. ఉత్తరం చేరేటప్పటికి పిల్ల ఇంటికొచ్చి, తేరుకుని, బడికి కూడా పోతోంది. ఉత్తరం చదివిన రోజు వార్డులో పధ్నాలుగు మంది పిల్లలున్నారు. ఎవరి నుదురు మీద చెయ్యేసినా ఆమెకు ఆ పదకొండు రోజులే గుర్తొచ్చాయి. తాను ఆ రోజుల్లో ఏం తిన్నదో, దేనికి నవ్విందో లెక్క తీసుకుంటూ మంచం మీద అటూ ఇటూ దొర్లింది.

రెండు వారాలకోసారి ఇస్రాయేలు పిల్లను హాలియా బజారులోని ఎస్టీడీ బూతుకు తీసుకొచ్చేవాడు. నలుగురు వరసలో నిలబడి వింటుండగా ఎస్తేరు "ఊ" అనేది. సాలమ్మ అడిగినదానికల్లా "ఊ". లైను తెగేది. మళ్లీ కలిసేసరికి బూతు ఇంకొకరి చేతిలో ఉండేది.

ఆ బూతు బాధ పడలేకే 1993లోనే ఇంటికి ఫోను కావాలని దరఖాస్తు పెట్టించింది. మూడేళ్ల తర్వాత మంజూరు కాగితం వచ్చిందని ఇస్రాయేలు రాసిన నాడే సెలవు అడిగింది. మస్కట్లోని రువీ బజారులో తీగలేని ఫోను కూడా కొన్నది. ఒక పెద్ద డబ్బా, దాంతో పాటు చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరగగలిగే సెట్టు. బిక్షమ్మ బర్రె దగ్గరున్నా, పిల్ల చెట్టు కింద ఆడుకుంటున్నా ఫోను అందుకోవచ్చని ఆమె ఆలోచన.

టెలిఫోన్ ఆఫీసులో జూనియర్ ఇంజనీరు రఘుపతి కాగితం చూశాడు. గోడ మీది పటం దగ్గరికి వెళ్లి వేలితో చూపించాడు.

"చూడండమ్మా, మా స్తంభాలు ఇక్కడితో ఆగిపోయినయి. కాలువ కట్ట దాకా. మీ ఇల్లు అవతల. నాలుగు స్తంభాలు కావాలి, కాలువ మీద నుంచి తీగ లాగాలంటే కాలువ ఆఫీసు వాళ్ల అనుమతి కావాలి."

"ఎన్ని రోజులైతది సారు?"

"రోజులు కాదమ్మా. వచ్చే సంవత్సరం పనుల్లో రాసి పంపిస్తాను. అంతకన్నా నేనేం చెప్పినా అబద్ధమే అవుతుంది."

ఆయన మర్యాదగానే చెప్పాడు. కుర్చీ కూడా వేయించాడు. సాలమ్మ కూర్చోలేదు. ఆఫీసు మెట్లు దిగి, కాలువ కట్ట ఎక్కి, నిండుగా పారుతున్న నీళ్లను చూస్తూ నిలబడింది. సరిగ్గా ఎదురుగా, ఫర్లాంగు దూరంలో తన ఇల్లు. దండెం మీద ఎస్తేరు పావడా ఆరేసి ఉంది. ఇంత దగ్గర కనబడే ఇంటికి తీగ రాదంటే ఆమెకు మనసొప్పలేదు.

ఆ తర్వాత పన్నెండు రోజులు ఆమె ఇంట్లో ఉన్నది తక్కువ. నల్లగొండకు రెండుసార్లు బస్సెక్కింది. ఒకసారి పెద్ద సారు క్యాంపులో ఉన్నాడన్నారు. రెండోసారి దొరికాడు. ఓపికగా విన్నాడు, రఘుపతి చెప్పిందే చెప్పాడు. కాలువ ఆఫీసులో నక్షా గీయించుకు రమ్మన్నారు. గీయించి తీసుకెళితే నీళ్లు కట్టేసే వేసవి దాకా తీగ పనులు కుదరవన్నారు. అన్నం ముందు కూర్చుంటే మధ్యలో లేచి కాగితాల కవరు తెరిచేది. పండుకుంటే ఇంకా ఎన్ని రోజులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టేది.

పదిహేడో రోజు మధ్యాహ్నం ఇస్రాయేలు ఇక ఊరుకోలేకపోయాడు. మెత్తని మనిషి. బడిలో పిల్లల్ని కూడా గట్టిగా కసరడు.

"సాలమ్మా, పిల్ల కోసం వచ్చినవా, ఫోను కోసం వచ్చినవా?"

"పిల్ల కోసమే ఫోను."

"పిల్ల గీడనే ఉన్నది గదా. నువ్వే పొద్దున పోతున్నవ్, పొద్దుగూకి వస్తున్నవ్."

"ఉంటే మాట్లాడుతదా నాతోని?" అంది సాలమ్మ. "నువ్వు టైఫాయిడ్ సంగతి తగ్గేదాక దాస్తివి. ఇంకొకసారి ఏమన్నైతే మళ్ల ఉత్తరం రాస్తవు. అది నాకు పదహారు రోజులకు అందుతది."

"రాస్తే ఏం జేద్దువు? గంత దూరంల కూసోని ఏడుద్దువు. ఫికర్ జేస్తవనే ఎంటనే రాయలే."

"ఏడ్వనన్న ఏడ్వనియ్యకపోతివి నన్ను."

బిక్షమ్మ పిల్లను తీసుకుని బర్రె వైపు వెళ్లిపోయింది. సాలమ్మకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. చిన్న వంతెన దాటి ఇవతలి ఒడ్డుకొచ్చింది. కట్ట పక్కనే ఆజం ఇల్లు. ముందు గదిలో మోటార్లు చుట్టే దుకాణం, వెనకా పైనా ఇల్లు. ఆజం భార్య లాల్ బీకి కవల పిల్లలు అడ్డం తిరిగితే, ఒకప్పుడు సాలమ్మే రాత్రంతా ఉండి కాన్పు చేసింది. అప్పటి నుంచి లాల్ బీకి ఆమె సాలమ్మక్క.

లాల్ బీ నీళ్లిచ్చి, అంతా విని, చాలా మామూలుగా అంది. "మా ఇంటి ముంగటి దాక పోలు ఉన్నది గదక్కా. గా ఫోను మా ఇంట్ల పెట్టించుకో. వస్తే మేం ఉరికి పిలుస్తం."

"నువ్వు పిలిచి, వాళ్లు వంతెన మీదికెళ్లి వచ్చేటాళ్లకు లైను పోతదే."

మోటారుకు రాగితీగ చుడుతున్న ఆజం చెయ్యి ఆపాడు. "అక్కా, నువ్వు తీగ లేని ఫోను తెచ్చినవంట గదా. అది ఎంత దూరం అందుతది?"

సాలమ్మ అతని ముఖం వైపు చూసింది. డబ్బా మీద రాసి ఉన్న అంకెలు గుర్తు తెచ్చుకుంది. రెండు వందల గజాలు. లేచి, చెంగు దోపుకుని, కట్ట మీద నుంచి ఆజం ఇంటికీ తన ఇంటికీ మధ్య దూరాన్ని కళ్లతోనే మళ్లీ కొలిచింది. కొంచెం ఎక్కువే ఉంది.

మర్నాడు రఘుపతి ఎదుట అడ్రసు మార్పు దరఖాస్తు పెట్టింది. ఆజం తన ఇంట్లో పెట్టుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం చేశాడు. ఆరు రోజులు పట్టింది. ఇరవై నాలుగో రోజు లైన్‌మన్ అంజన్న తీగచుట్ట భుజానేసుకుని వచ్చాడు. గోడకు డబ్బీ బిగించి, ఆఫీసు నల్ల ఫోను పెట్టి గంట మోగించి చూపించాడు. పక్కన బల్ల మీద ఉన్న విదేశీ డబ్బా వైపు ఓసారి చూశాడు.

"అమ్మా, తీగ గుంజి డబ్బీ బిగిచ్చేదాక నా పని. నేను పోయినంక మీరేం తగిలిచ్చుకుంటరో నన్నడగొద్దు."

అంజన్న సైకిలు మలుపు తిరగగానే ఆజం డబ్బా తగిలించాడు. సాలమ్మ సెట్టు చేత పట్టుకుని నడిచింది. కట్ట మీద ఆజం మాట గలగలా వినబడింది. వంతెన నడిమికి వచ్చేసరికి ఇసుక రాలినట్టు చప్పుడు మొదలైంది. ఇంటి గడపలోకి అడుగు పెట్టేసరికి ఏమీ లేదు. చెవికి ఆనించుకుని అట్లాగే నిలబడింది.

రెండు రోజులు ఆజం దాంతో కుస్తీ పట్టాడు. డబ్బాను కింది గదిలోంచి పైగది కిటికీ దగ్గరికి మార్చాడు. అప్పుడు కాలువ దాటి మాట కొంచెం అందింది. చివరికి మోటార్లకు చుట్టే సన్నని రాగితీగను దాని ఏరియల్ కొమ్ముకు అతికించి, వెదురు గడకు చుట్టి, గడను కప్పు మీద నిలబెట్టాడు. ఇస్రాయేలు సెట్టు పట్టుకుని తమ ఇంట్లో ప్రతి మూలా తిరిగాడు. గదుల్లో రాలేదు. మెట్ల మీద సగం సగం వచ్చింది. డాబా మీద, కాలువ వైపు గోడ దగ్గర నిలబడితే స్పష్టంగా వచ్చింది. అవతల నుంచి చెయ్యూపాడు.

డబ్బా మీద ఇంకో మీట ఉంది. అది నొక్కితే బయటి లైనుతో పని లేకుండా డబ్బా దగ్గరున్న మనిషి, సెట్టు దగ్గరున్న మనిషి మాట్లాడుకోవచ్చు. ఇరవై ఆరో రోజు సాయంత్రం సాలమ్మ ఆజం పైగది కిటికీ దగ్గర కూర్చుని ఆ మీట నొక్కింది. డాబా మీద పసుపుపచ్చ గౌనులో ఎస్తేరు కనబడుతోంది. ఇస్రాయేలు సెట్టు పిల్ల చెవికి పెట్టి, పక్కకు జరిగి కిందికి దిగిపోయాడు.

"ఎస్తేరూ, ఇనొస్తుందా?"

"ఊ."

సాలమ్మ, అన్నం తిన్నావా అని అడగబోయి మానేసింది. అటు నుంచే మాట వచ్చింది.

"నువ్వు కానొస్తున్నవ్."

"నువ్వు గూడ కానొస్తున్నవ్ బిడ్డా. గోడ మీదికి వంగకు."

"వంగలే." ఎస్తేరు గోడకు కొంచెం వెనక్కి జరిగింది. "నాకు సూదులు ఇచ్చినప్పుడు దవాఖానల ఒక సిస్టరు ఉండె. తెల్లబట్టలు. నీ లెక్కనే."

"మంచిగ చూసిందా నిన్ను?"

"చెయ్యి పట్టుకునె. నేను ఆమెను అమ్మా అని పిలిచిన. ఆమె ఏమనలే. పలికింది."

సాలమ్మ కిటికీ ఊచ పట్టుకుంది. ఆమె వార్డులో కూడా పిల్లలు జ్వరంలో ఏదో భాషలో అమ్మను పిలిచేవాళ్లు. ఆమె పలికేది.

"మంచి పని జేసింది ఆమె," అంది.

"బాపుకు చెప్పలే. అత్తమ్మకు గూడ చెప్పలే," అంది ఎస్తేరు. అక్కడి నుంచి మాట ఆగలేదు. దోస్తు సుక్కమ్మతో కొట్లాట, లెక్కల్లో వచ్చిన మార్కులు, బర్రె తొక్కిన వేలు, అన్నీ ఒక వరస లేకుండా చెప్పింది. సూర్యుడు కాలువ నీళ్ల మీదికి దిగే దాకా చెప్పింది. లాల్ బీ చాయ్ తెచ్చి, సాలమ్మ ముఖం చూసి, గ్లాసు పక్కన పెట్టి చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది.

సాలమ్మ పరుగులాంటి నడకతో వంతెన దాటి ఇంటికొచ్చింది. ఎస్తేరు బిక్షమ్మ వెనక నిలబడి ఉంది. తల వంచుకుంది. అప్పటిదాకా మాట్లాడిన పిల్ల ఇదేనా అనిపించింది సాలమ్మకు. దగ్గరికి లాక్కోలేదు. తర్వాతి రోజూ, ఆ తర్వాతి రోజూ సాయంత్రం తానే ఆజం ఇంటికి వెళ్లి మీట నొక్కింది. నాలుగో రోజు బొంబాయి రైలెక్కింది.

శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలు అని సమయం పెట్టుకున్నారు. ఆ వేళకు ఆజం దుకాణంలో మోటార్లు ఆపేసేవాడు. మోటారు తిరిగితే ఫోనులో తేనెటీగల గుంపు దూరినట్టు ఉండేది. ఎస్తేరు మూడున్నరకే డాబా ఎక్కేది. కరెంటు పోయిన వారాల్లో మాత్రం లాల్ బీ నల్ల ఫోను ఎత్తి, "అక్కా, అంత మంచిగనే ఉన్నరు, నేను పొద్దున చూసిన," అని చెప్పేది. ఆ వారమంతా సాలమ్మకు కాలు నిలిచేది కాదు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం ఎస్తేరు గొంతు తేడాగా వినబడింది.

"దగ్గున్నదా?"

"కొంచెం."

"ఏడో ఎక్కం చెప్పు బిడ్డా. మధ్యల ఆగకుండ."

ఎస్తేరు మొదలుపెట్టింది. ఏడు ఒకట్లు ఏడు, ఏడు రెండ్ల పద్నాలుగు. మూడో మెట్టు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంది. ఐదో మెట్టుకు రెండుసార్లు ఆగింది. సాలమ్మ చేతి గడియారం విప్పి ఎదురుగా పెట్టుకుంది.

"ఇగ మాట్లాడకు. సెట్టు నోటి కాడ పెట్టుకొని ఊకె ఊపిరి తీసుకో."

ఒక నిమిషం పాటు ఆమె మస్కట్ హాస్టల్ వరండాలో, కార్డు ఫోను దగ్గర, కళ్లు మూసుకోకుండా గడియారం ముల్లునే చూస్తూ నిలబడింది. నలభై రెండు ఊపిర్లు. ఆ వయసు పిల్లకు చాలా ఎక్కువ. కార్డు అయిపోవస్తోంది. రెండో కార్డు తీసి పళ్ల మధ్య పట్టుకుంది.

"అత్తమ్మను పిలువు."

బిక్షమ్మ అప్పటిదాకా ఆ సెట్టును ముట్టుకోలేదు. దాన్ని తలకిందులుగా పట్టుకుంది. ఎస్తేరు సరిచేసింది.

"వదినె, నేను చెప్పేది ఇను. పిల్లకు ఛాతీల కఫం చేరింది. ఇప్పుడే మిర్యాలగూడ తోల్కపోవాలె. రేపు గాదు."

"రెండు రోజులసంది జరంత పడిసెమే సాలమ్మా. గోలి ఏసిన."

"పడిసెం గాదు వదినె. నీ బిడ్డనుకొని పో."

"నా బిడ్డే గదా," అంది బిక్షమ్మ. ఇంకేమీ అడగలేదు.

ఇస్రాయేలు చర్చిలో ఉన్నాడు. ఆజం ఆటో ట్రాలీలో బిక్షమ్మనూ పిల్లనూ ఎక్కించుకుని వెళ్లాడు. ఇస్రాయేలు వెనక బస్సులో వెళ్లాడు. మస్కట్లో పొద్దు గడవలేదు. సాలమ్మ గంటకోసారి లాల్ బీకి ఫోను చేసింది. "ఇంక రాలేదక్కా." "ఇంక రాలే." వార్డులో ఒక తల్లి తన పిల్లవాడి జ్వరం గురించి అడిగితే రెండుసార్లు ఒకే జవాబు చెప్పింది. మర్నాడు మధ్యాహ్నం ఆజం తిరిగి వచ్చాడు. నిమోనియా అన్నారట, ఇంకో రోజైతే కష్టమయ్యేదన్నారట, జ్వరం దిగుతోందట. ఆజం చెప్పినవి చెప్పినట్టు లాల్ బీ ఫోనులో అప్పజెప్పింది. సాలమ్మ అన్నీ విని, మళ్లీ మొదటి నుంచి చెప్పమంది.

ఆ ఏడాది చివర ఒప్పందం పొడిగించమని ఆసుపత్రి వాళ్లు కాగితం ఇస్తే ఆమె సంతకం చేయలేదు. ఇస్రాయేలుకు ఉత్తరం రాయలేదు, శుక్రవారం ఫోనులోనే చెప్పింది. అతను, "రా. ఎట్లనో ఎల్లదీద్దాం," అన్నాడు.

1998 మార్చిలో తిరిగి వచ్చి మిర్యాలగూడలో ఒక నర్సింగ్ హోములో చేరింది. పొద్దున బస్సులో వెళ్లి పొద్దుగూకేసరికి వచ్చేది. ఎస్తేరుకు అప్పటికి పదకొండేళ్లు. తల్లి సాయంత్రం ఇంటికి రాగానే పుస్తకం లోంచి తల ఎత్తి ఒకే మాట అడిగేది.

"మళ్ల ఎప్పుడు పోతవ్?"

"పోను."

రెండో రోజూ అడిగింది. వారం తర్వాతా అడిగింది. సాలమ్మ ప్రతిసారీ ఆ ఒక్క మాటే చెప్పేది. పెంచి చెబితే పిల్ల నమ్మదని ఆమెకు తెలుసు. బిక్షమ్మ ఒకసారి కసరబోయింది. "అడగనియ్యి వదినె," అంది సాలమ్మ. అట్లా ఏప్రిల్ గడిచింది, మే గడిచింది, జూన్‌లో బడులు తెరిచారు.

ఒక సాయంత్రం సాలమ్మ బస్సు దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, పొయ్యి మీద చింతపండు పులుసు పెట్టింది. ఎస్తేరు పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ, సుక్కమ్మకు కొత్త బడిలో ఎవరూ దోస్తులు లేరని చెబుతోంది. పులుసు మరిగింది. ఉప్పు వేసి కలుపుతుండగా సాలమ్మకు తట్టింది, ఈ రోజు పిల్ల ఆ మాట అడగలేదని. గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

"ఏందమ్మా?" అంది ఎస్తేరు.

"ఏం లేదు. తర్వాత ఏమన్నదంట సుక్కమ్మ?"